డాప్లర్ చూపిన దారి

ఉద్దేశం

శాస్త్రవేత్తల జీవితాలు వారి విజయాలకే గాక, వారి పొరపాట్లకూ, ఓర్పుకూ అద్దం పడతాయి. ఒక సత్యం వెలుగు చూడడానికి ఎందరి కృషి, ఎన్ని సంవత్సరాల నిరీక్షణ కావలసివస్తాయో తెలియజేయడం, అసలు బింబాన్నీ మిథ్యాబింబాన్నీ వేరుచేసి చూడగల వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

బంగాళాఖాతంలో తుపాను రేగిన రాత్రి. ఆకాశమంతా మేఘావృతమై ఉంది. కంటికి గాని, మామూలు కెమెరాకు గాని సముద్రం కనిపించదు. అటువంటి వేళ, వందల కిలోమీటర్ల ఎత్తున సాగిపోతున్న ఉపగ్రహంలోని రాడార్ మేఘాలను చీల్చుకొనిపోయే రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులతో సముద్రపు చిత్రాన్ని గీస్తుంది. ఆ చిత్రంలో నీటిపై ఒక తెల్లని చుక్క కనిపిస్తుంది. అది దారి తప్పిన ఓడ కావచ్చు. దాన్ని వెదకుతూ రక్షణ నౌక బయలుదేరవచ్చు. తీరా అక్కడికి చేరుకొంటే ఓడా లేదు, పడవా లేదు! కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న మరో వస్తువు నీడ వంటి బొమ్మ అక్కడ పడిందన్నమాట. రాడార్ నిపుణులు దయ్యం అనే అర్థమిచ్చే పేరుతో పిలిచే ఈ బొమ్మను తెలుగులో మిథ్యాబింబం అనవచ్చు.

ఈ రాడార్‌కు చిత్రాన్ని గీసే శక్తినిచ్చినది ఒక సూత్రం. ఆ చిత్రంలో మిథ్యాబింబం పుట్టడానికి మూలం కూడా ఆ సూత్రమే. విచిత్రమేమంటే, ఆ మిథ్యాబింబాన్ని పట్టుకొని తొలగించే ఉపాయం కూడా దానిలోనే ఉంది. రేడియో అన్నది లోకానికి తెలియని కాలంలో, ఆకాశంలోని నక్షత్రాలను తలచుకొంటూ ఆ సూత్రాన్ని ప్రతిపాదించిన మహనీయుడు క్రిస్టియన్ డాప్లర్. ఆయన జీవితం కూడా సత్యానికీ, దాని పక్కన పడిన మిథ్యాబింబానికీ మధ్య జరిగిన పోరాటమే.

డాప్లర్ 1803 నవంబరు 29న ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరంలో జన్మించాడు. ఆయనది తరతరాలుగా రాతిపని చేస్తున్న కుటుంబం. తండ్రి ఆ వృత్తిలో పేరు గడించినవాడు. కాని ఉలీ సుత్తీ పట్టి రాళ్ళు చెక్కడానికి కావలసిన దేహబలం క్రిస్టియన్‌కు లేదు. బాల్యం నుంచీ ఆయనది బలహీనమైన శరీరం. కులవృత్తికి పనికిరాని కుమారుణ్ణి ఏం చేయాలో తండ్రికి తోచలేదు. అప్పుడు సాల్జ్‌బర్గ్‌లో గణితం బోధించే సైమన్ స్టాంఫర్ అనే ఉపాధ్యాయుడు ఆ బాలుని ప్రతిభను గుర్తించి, వియన్నా పాలిటెక్నిక్‌కు పంపవలసిందిగా సలహా ఇచ్చాడు. గురువు చూపు శిష్యుని తలరాతను మార్చింది. 1822లో డాప్లర్ వియన్నా చేరి గణితంలో ఆరితేరాడు. తరువాత ఉన్నత గణితం, యంత్రశాస్త్రం, ఖగోళశాస్త్రం అభ్యసించి, 1829 నుంచి నాలుగేళ్ళు అక్కడి ఆచార్యునికి సహాయకుడిగా పనిచేశాడు.

ఆ ఉద్యోగం శాశ్వతమైనది కాదు. గడువు ముగిసేసరికి డాప్లర్‌కు ముప్ఫై ఏళ్ళు వచ్చాయి. ఉన్నత గణితం చదివిన ఆ యువకుడు పొట్టకూటికై ఒక నూలుమిల్లులో లెక్కలు రాయవలసివచ్చింది. ఎన్ని కళాశాలలకు దరఖాస్తులు పంపినా పిలుపు రాలేదు. చివరకు స్వదేశంలో తనకు చోటు లేదని నిశ్చయించుకొని, అమెరికాకు వలసపోవడానికి సిద్ధపడ్డాడు. ఉన్న సామానులు అమ్ముకొన్నాడు. మ్యూనిక్ వెళ్ళి అమెరికా రాయబార ప్రతినిధిని కలుసుకొన్నాడు. సరిగా ఆ సమయంలో ప్రేగ్ నగరంలోని ఒక సాంకేతిక పాఠశాల నుంచి ఉద్యోగం ఇస్తున్నట్లు కబురు వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. 1835లో ఆయన ప్రేగ్‌లో ఉపాధ్యాయుడయ్యాడు. మరుసటి ఏడు సాల్జ్‌బర్గ్‌కు చెందిన మథిల్డా అనే యువతిని వివాహమాడాడు. వారికి అయిదుగురు సంతానం కలిగారు. 1841లో ప్రేగ్ పాలిటెక్నిక్‌లో ఆచార్య పదవి లభించింది.

పదవి లభించినా సుఖం లభించలేదు. వందలకొద్దీ విద్యార్థులకు పాఠాలు చెప్పడం, వారికి మౌఖిక పరీక్షలూ లిఖిత పరీక్షలూ నిర్వహించడం ఆయన ఆరోగ్యాన్ని కుంగదీసింది. ఇంతటి శ్రమలోనూ ఆయన పరిశోధన మానలేదు. 1842 మే 25న ప్రేగ్‌లోని రాయల్ బొహీమియన్ శాస్త్ర సంఘం సమావేశంలో, జంటనక్షత్రాల రంగుల కాంతిని గురించిన తన పత్రాన్ని చదివాడు. వినడానికి వచ్చినవారు బహు కొద్దిమంది. ఆ నాటి ప్రసంగం భావితరాల విజ్ఞానాన్ని మలుపు తిప్పగలదని వారిలో ఎవరు ఊహించగలరు?

ఆ సూత్రం సరళమైనది. చెరువు ఒడ్డున నిలబడినవాని పాదాలను అలలు నిర్ణీత వ్యవధిలో తాకుతూ ఉంటాయి. అతడే అలలకు ఎదురుగా నడిస్తే అవి త్వరత్వరగా తాకుతాయి. అలలు పోయే దిక్కుకే నడిస్తే ఆలస్యంగా తాకుతాయి. నీటిలో మార్పు లేదు. మారినది చూచేవాని నడక మాత్రమే. స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూతను గమనించినా ఈ విషయం బోధపడుతుంది. రైలు సమీపిస్తున్నప్పుడు కూత శ్రుతి హెచ్చుతుంది. దాటిపోగానే తగ్గుతుంది. అంటే తరంగాలను పుట్టించే వస్తువు గాని, గ్రహించే వ్యక్తి గాని కదులుతూ ఉంటే, ఆ తరంగాల పౌనఃపున్యం మారినట్లు తోస్తుంది. ఎంత మారిందో కొలిస్తే ఆ వస్తువు ఎంత వేగంతో దగ్గరవుతున్నదో, దూరమవుతున్నదో లెక్కించవచ్చు. దీనినే నేడు డాప్లర్ ప్రభావం అంటున్నారు.

సూత్రం నిర్దుష్టమైనదే. కాని దానికి డాప్లర్ చూపిన ఉదాహరణ తప్పు. నక్షత్రాలన్నీ స్వభావసిద్ధంగా తెల్లనివేనని ఆయన భావించాడు. మనకేసి వచ్చే నక్షత్రం నీలంగా, దూరమయ్యే నక్షత్రం ఎర్రగా కనిపిస్తుందని, జంటనక్షత్రాల రంగులకు కారణం వాటి కదలికేనని తలచాడు. నిజానికి నక్షత్రాల రంగు వాటి ఉపరితల ఉష్ణోగ్రతను అనుసరించి ఉంటుంది. కాంతి వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. దానితో పోలిస్తే నక్షత్రాల వేగం అత్యల్పం. ఆ కొద్దిపాటి కదలిక కంటికి కనిపించేటంతగా రంగును మార్చలేదు. ఈ విధంగా ఒక మహాసత్యం పుట్టినప్పుడే దాని పక్కన ఒక మిథ్యాబింబమూ పడింది. లోకం మిథ్యాబింబాన్ని చూచి సత్యాన్నే శంకించింది.

ఆ శంకను పరీక్షకు పెట్టినవాడు నెదర్లాండ్స్ దేశపు యువ శాస్త్రజ్ఞుడు బైస్ బాలో. 1845 జూన్ నెలలో ఆయన ఒక రైలింజనును సంపాదించి, ఊట్రెక్ట్ నగరం సమీపంలో ప్రయోగం జరిపాడు. కదిలే బండి మీద వాద్యకారులను నిలిపి, ఒకే స్వరాన్ని బూరలతో ఊదించాడు. స్వరజ్ఞానంలో నిష్ణాతులైన సంగీతజ్ఞులను పట్టాల పక్కన నిలిపి, వినిపించిన శ్రుతిని రాయించాడు. అంతకుముందు ఫిబ్రవరిలో చేసిన యత్నం మంచు తుపాను వల్ల చెడిపోయినా ఆయన పట్టు విడువలేదు. ఫలితమేమిటి? బండి దగ్గరవుతున్నప్పుడు శ్రుతి హెచ్చింది, దూరమవుతున్నప్పుడు తగ్గింది. డాప్లర్ సూత్రం శబ్దం విషయంలో రుజువైంది. అయినా నక్షత్రాల రంగుల వాదాన్ని మాత్రం బైస్ బాలో అంగీకరించలేదు. సత్యాన్ని ఒప్పుకొని, పొరపాటును కాదనడం నిజమైన విమర్శకుని లక్షణం.

ఇటు ప్రేగ్‌లో డాప్లర్‌కు కష్టాలు పెరిగాయి. పరీక్షలలో మరీ కఠినంగా ఉన్నాడంటూ విద్యార్థులు ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది. క్షీణించిన ఆరోగ్యంతో ఆయన దీర్ఘకాలం సెలవు తీసుకోవలసివచ్చింది. 1847లో, నేటి స్లొవేకియా దేశంలో ఉన్న షెమ్నిట్జ్ గనుల విద్యాలయానికి మారాడు. మరుసటి సంవత్సరమే చెలరేగిన విప్లవం అక్కడ కూడా ఆయనను స్థిరంగా ఉండనీయలేదు. 1849లో వియన్నాకు తిరిగివచ్చాడు. 1850లో చక్రవర్తి ఆజ్ఞతో వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర సంస్థ ఏర్పడగా, దానికి డాప్లర్ ప్రథమ సంచాలకుడయ్యాడు. ఆనాడు ఆయన పాఠాలు విన్న విద్యార్థులలో ఒక యువ మతాచార్యుడు ఉన్నాడు. బఠాణీ మొక్కలతో అనువంశికతా సూత్రాలను కనుగొన్న గ్రెగర్ మెండెల్ ఆయనే.

కీర్తితోబాటు విరోధమూ వచ్చింది. 1852లో పెట్స్వాల్ అనే ప్రసిద్ధ గణితవేత్త వియన్నా శాస్త్ర పరిషత్తులో డాప్లర్ సిద్ధాంతంపై ధ్వజమెత్తాడు. నాలుగు పంక్తుల బీజగణితంతో ప్రకృతి రహస్యాలు దొరకవని ఆయన వాదం. తరంగాల పౌనఃపున్యం మారదని గణితంతో నిరూపించాడు కూడా. ఆ గణితం తప్పు కాదు. కాని అది తరంగాలు పుట్టే చోటూ గ్రహించే చోటూ నిశ్చలంగా ఉండి, మధ్యనున్న మాధ్యమం మాత్రమే కదిలే సందర్భానికి చెందినది. డాప్లర్ చెప్పినది వేరొక సందర్భం. రెండు నిజాలు ఒకదానికొకటి విరుద్ధాలని భ్రమపడిన వివాదమది. డాప్లర్ జవాబు చెప్పాడు. కాని శ్వాసకోశ వ్యాధి ఆయనను అప్పటికే పట్టి పీడిస్తున్నది. చల్లని వియన్నాను విడిచి, 1852 నవంబరులో వెనిస్ నగరానికి వెళ్ళాడు. ఆ గాలి కూడా మేలు చేయలేదు. 1853 మార్చి 17న, యాభై ఏళ్ళు నిండకముందే, అక్కడే కన్నుమూశాడు.

డాప్లర్ మరణించినా ఆయన సూత్రం మరణించలేదు. ఫ్రాన్స్ దేశపు ఫీజో 1848లోనే దీనికి సరియైన దారిని సూచించాడు. నక్షత్రం రంగును కాదు, దాని వర్ణపటంలోని సన్నని గీతలు పక్కకు జరగడాన్ని చూడాలన్నాడు. 1868లో ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ ఆ పద్ధతితో సిరియస్ నక్షత్రపు కదలికను కొలవడానికి పూనుకొన్నాడు. మిథ్యాబింబం తొలగింది, సత్యం నిలిచింది. తరువాతి కాలంలో నక్షత్రాల, నక్షత్రమండలాల వేగాలు తెలియడానికి ఈ సూత్రమే ఆధారమైంది.

దాదాపు శతాబ్దం గడిచాక ఆ సూత్రం ఆకాశం నుంచి భూమిని చూచే కన్నుగా మారింది. రాడార్‌తో సూక్ష్మమైన చిత్రం గీయాలంటే చాలా పొడవైన ఏంటెన్నా కావాలి. 850 కిలోమీటర్ల దూరం నుంచి, అయిదున్నర సెంటీమీటర్ల తరంగాలతో, పది మీటర్ల ఏంటెన్నా చూచినప్పుడు, నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఎడం ఉన్న రెండు వస్తువులు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. అంతకంటె స్పష్టత కావాలంటే కిలోమీటర్ల పొడవున్న ఏంటెన్నా ఆకాశంలోకి పంపాలి. అది సాధ్యమా?

1951లో అమెరికాలోని గుడ్‌ఇయర్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో పనిచేస్తున్న కార్ల్ వైలీ అనే ఇంజినీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. విమానం ముందుకు సాగుతున్నప్పుడు, ఎదురుగా ఉన్న వస్తువు నుంచి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం హెచ్చుతుంది. వెనుకబడిన వస్తువు నుంచి వచ్చేది తగ్గుతుంది. సరిగా పక్కనున్న దానిలో మార్పు ఉండదు. అందువల్ల పౌనఃపున్యాన్ని బట్టి ప్రతిధ్వనులను వేరుచేస్తే, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిసిపోతుంది. దారి పొడవునా గ్రహించిన ప్రతిధ్వనులను కూర్చితే చిన్న ఏంటెన్నాయే కిలోమీటర్ల పొడవున్న ఏంటెన్నాలా పనిచేస్తుంది. ఇదే సింథటిక్ ఎపర్చర్ రాడార్. 1978లో అమెరికా ప్రయోగించిన సీశాట్ ఉపగ్రహం ఇటువంటి రాడార్‌తో అంతరిక్షం నుంచి సముద్రాలను చిత్రించింది.

అయితే ఈ కన్నుకు ఒక లోపం ఉంది. రాడార్ తన తరంగాలను ఎడతెగకుండా పంపదు. సెకనుకు వేయి, రెండు వేలు, మూడు వేలు చొప్పున తునకలు తునకలుగా పంపుతుంది. సినిమాలో పరుగెత్తే బండి చక్రం ఒక్కొక్కప్పుడు వెనక్కి తిరుగుతున్నట్లు కనిపించడం అందరూ ఎరిగినదే. సినిమా కెమెరా సెకనుకు 24 చిత్రాలు మాత్రమే తీస్తుంది. ఆ మధ్యకాలంలో చక్రం ఎంత తిరిగిందో దానికి తెలియదు. రాడార్‌కూ అదే భ్రమ కలుగుతుంది. సెకనుకు 2000 తునకలు పంపే రాడార్, పౌనఃపున్యంలో 1000 హెచ్చు నుంచి 1000 తగ్గు వరకు ఉండే మార్పులనే సరిగా గుర్తించగలదు. 1200 హెచ్చిన ప్రతిధ్వని వస్తే అది 800 తగ్గినదని పొరపడుతుంది. ఆ ప్రతిధ్వనిని పంపిన వస్తువును ఉండవలసిన చోట గాక, దాదాపు ఆరు కిలోమీటర్ల దూరంలో చిత్రిస్తుంది. ఇదే మిథ్యాబింబం పుట్టుక.

పొలాలూ అడవులూ ఉన్న చోట ఈ బింబం వాటి వెలుగులో కలిసిపోతుంది. నిశ్చలమైన నీరు రాడార్ చిత్రంలో నల్లగా ఉంటుంది. అందుచేత సముద్రం మీద, వరదనీటి మీద అది స్పష్టంగా బయటపడుతుంది. తీరంలోని నగరం, ఇనుప వంతెన, పెద్ద ఓడ వంటివి బలమైన ప్రతిధ్వనిని ఇస్తాయి. వాటి మిథ్యాబింబాలు నీటిపై పడితే, లేని ఓడ ఉన్నట్లు, మునిగిన ఊరు మునగనట్లు అపోహ కలుగుతుంది. వరద సమయంలో ఏ గ్రామానికి ముందుగా పడవ పంపాలో నిర్ణయించే అధికారికి అటువంటి అపోహ ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి తునకలను ఇంకా త్వరత్వరగా పంపకూడదా? పంపవచ్చు. కాని అప్పుడు మొదటి తునకకు దూరం నుంచి రావలసిన ప్రతిధ్వని, రెండవ తునకకు దగ్గరి నుంచి వచ్చిన ప్రతిధ్వనితో కలిసిపోతుంది. ఒక దిక్కున మిథ్యాబింబం తగ్గితే మరొక దిక్కున పుడుతుంది. లేదా ఒక్కసారిలో చూడగల నేల వెడల్పు తగ్గిపోతుంది. అడకత్తెరలో పోకచెక్క వంటి స్థితి ఇది. అందువల్ల ఇంజినీర్లు పలు మార్గాలు అనుసరిస్తున్నారు. అవసరం లేని దిక్కు నుంచి వచ్చే ప్రతిధ్వనులు బలహీనమయ్యేటట్లు ఏంటెన్నాను రూపొందిస్తారు. కొన్ని ఉపగ్రహాలలో ఏంటెన్నాను భాగాలు చేసి, ఒక్కొక్క తునకకు రెండు మూడు చోట్ల ప్రతిధ్వనిని గ్రహిస్తారు. చిత్రాన్ని తయారుచేసేటప్పుడు అంచులలోని పౌనఃపున్యాలను తగ్గించి, కల్తీ లేని నడిమి భాగాన్ని స్వీకరిస్తారు. ఇందువల్ల స్పష్టత కొంత తగ్గినా బొమ్మ నమ్మదగినదవుతుంది. మిథ్యాబింబం ఎంత దూరంలో పడుతుందో డాప్లర్ సూత్రమే చెబుతుంది గనుక, అనుమానం కలిగిన చుక్కకు అంత దూరంలో బలమైన వస్తువేదైనా ఉన్నదేమో పరిశీలిస్తారు. తునకలు పంపే వేగాన్ని మార్చి మరొక చిత్రం తీస్తే, స్థిరంగా ఉన్న అసలు వస్తువు అక్కడే ఉంటుంది. దాని మిథ్యాబింబం చోటు మారుతుంది.

కదిలే వస్తువుల సంగతి మరొక చిత్రం. రైలు పట్టాల మీదనే పోతున్నా, రాడార్ బొమ్మలో పట్టాలు విడిచి పక్కనున్న పొలంలో పరుగెత్తుతున్నట్లు కనిపిస్తుంది. రైలు వేగం వల్ల కలిగిన పౌనఃపున్యపు మార్పును రాడార్ స్థానభేదంగా భావించడమే దీనికి కారణం. బైస్ బాలో రైలు ఆనాడు సంగీతజ్ఞుల చెవులకు వినిపించినదే ఈనాడు రాడార్ బొమ్మలో కనిపిస్తున్నది.

ఈ విజ్ఞానంతో తెలుగునేలకు సన్నిహిత సంబంధం ఉంది. భారతదేశపు రీశాట్-1 రాడార్ ఉపగ్రహం 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి ఎగిరింది. భారత్, అమెరికాలు కలిసి నిర్మించిన నైసార్ ఉపగ్రహం 2025 జూలై 30న అక్కడి నుంచే కక్ష్యను చేరింది. 12 మీటర్ల వెడల్పున్న దాని ఏంటెన్నా, తిరిగివచ్చే ప్రతిధ్వనిని వెంబడిస్తూ ఇరుకైన చూపుతో గ్రహిస్తుంది. విశాలమైన నేలను చూస్తూనే మిథ్యాబింబాలను తగ్గించడానికి ఇది తోడ్పడుతుంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం రాడార్ చిత్రాల సాయంతో వరద పటాలు తయారుచేస్తుంది. గోదావరి, కృష్ణా తీరాలలో వరద వచ్చినప్పుడు మేఘాల చాటున ఉన్న నీటి జాడ ఇటువంటి చిత్రాల వల్లనే తెలుస్తుంది.

రాతిపనికి పనికిరానివాడని తలచిన బాలుడు విజ్ఞానశాస్త్రానికి చెక్కుచెదరని పునాదిరాయి వేశాడు. ఆయన చెప్పిన ఉదాహరణ తప్పినంత మాత్రాన ఆయన సూత్రాన్ని లోకం పారవేయలేదు. అలాగని గౌరవంతో ఆ తప్పును కప్పిపుచ్చనూ లేదు. బైస్ బాలో, ఫీజో వంటివారు ఓర్పుతో రెంటినీ వేరుచేశారు. నేటి రాడార్ నిపుణుడు మిథ్యాబింబం ఉన్నదని చిత్రాన్ని చింపివేయడు. లేదని కళ్ళు మూసుకోడు. కొలిచి, పోల్చి, లెక్కించి తొలగిస్తాడు. కనిపించినదంతా సత్యం కాదు. ఒక దోషం కనిపించినంతనే మిగిలినదంతా అసత్యమూ కాదు. ఈ వివేకం ప్రయోగశాలలోనే గాక జీవితంలోనూ విద్యార్థికి అవసరమైనది.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. డాప్లర్ జీవితంలో ఎదురైన ఆటంకాలను, వాటిని ఆయన ఎదుర్కొన్న తీరును వివరించండి.

2. రాడార్ చిత్రంలో మిథ్యాబింబం ఎందుకు పుడుతుంది? దానిని తగ్గించే మార్గాలేవి?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. బైస్ బాలో జరిపిన ప్రయోగాన్ని తెలియజేయండి.

2. డాప్లర్, పెట్స్వాల్‌ల వివాదం ఎట్టిది?

3. వరద సమయంలో మిథ్యాబింబం వల్ల కలిగే ప్రమాదమేమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. డాప్లర్ ప్రతిభను మొదట గుర్తించిన గురువు ఎవరు?

2. నక్షత్రాల రంగు దేనిని అనుసరించి ఉంటుంది?